ఆపరేషన్ తర్వాత ఫెర్రెట్ తిండి ముట్టడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

మేం డాలస్ పక్కన ఉంటాం. ఇంట్లో ఐదేళ్ల మగ ఫెర్రెట్ ఉంది. మా పాప దానికి నూడుల్ అని పేరు పెట్టింది. మూత్రపిండం పక్కన ఉండే ఎడ్రినల్ గ్రంథికి జబ్బు చేసి తోక మీద, నడుం మీద బొచ్చంతా ఊడిపోయింది. అప్పుడే తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య దాన్ని చూసి "గుండు" అన్నారు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ గుండే. ఎడమ ఎడ్రినల్ తీసేయడానికి ఆపరేషన్ చేశారు. పొట్ట తెరిచినప్పుడు క్లోమం మీద చిన్న గడ్డ కనబడితే అదీ తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతి పది రోజులే మాకు చుక్కలు చూపించాయి. ఇక్కడి మన వాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను డాక్టర్‌ని కాదు. మీ ఫెర్రెట్‌కి ఆపరేషన్ చేసిన డాక్టర్ చెప్పిన మాట దీనికి తేడాగా ఉంటే ఆ మాటే వినండి.

ఫెర్రెట్ అంటే ముంగిసేనా?

కాదు. చూడ్డానికి అలా ఉంటుందంతే. ముంగిస వేరే కుటుంబం. ఫెర్రెట్ మన గోదావరి, కృష్ణా పాయల్లో తిరిగే నీటికుక్కకి దగ్గరి చుట్టం. పూర్తిగా మాంసాహారి. పేగు చాలా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో అర్థమవుతాయి. అన్నట్టు కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో దీన్ని పెంచుకోనివ్వరు. అక్కడికి ఉద్యోగం మారేవాళ్లు ముందే చూసుకోండి.

ఇంటికి తెచ్చిన రోజు ఏమీ తినలేదు. రేపటిదాకా చూడొచ్చా?

చూడొద్దు. కుక్క అయితే ఒక పూట మానేసినా తట్టుకుంటుంది. ఫెర్రెట్‌కి ఐదారు గంటలు కడుపు ఖాళీగా ఉంటేనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అందుకే ఆపరేషన్‌కి ముందు కూడా దీన్ని రాత్రంతా పస్తు ఉంచరు, కొద్ది గంటలే ఉంచుతారు. లావుగా ఉన్న ఫెర్రెట్ తిండి మానేస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయానికి చేరి అది దెబ్బతింటుంది. "బాగా బలిసి ఉంది కదా, రెండు రోజులు తినకపోతే ఏం" అనుకోవడానికి లేదు.

ఇంటికి తెచ్చుకునేటప్పుడే డాక్టర్‌ని మూడు విషయాలు అడిగి రాసుకోండి: తిండి ఎన్ని గంటలకి మొదలుపెట్టాలి, ఏ తిండి, ఎంత. రబ్బరు ముక్కో స్పాంజో మింగితే పేగు కోసి తీసినవాటికీ, మా గుండులాంటి వాటికీ లెక్క ఒకటి కాదు. పేగు మీద కుట్లు ఉన్నప్పుడు మెత్తటి తిండి తప్ప మరోటి పెట్టకూడదు. గట్టి గింజలు (రోజూ పెట్టే ఎండు తిండి, కిబుల్ అంటారు) మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెప్పాల్సిందే.

అసలు ఎందుకు తినదు?

మేం తప్పటడుగు వేసింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. గుండు రెండో రోజు నుంచీ గిన్నె దగ్గరికి వెళ్లడం, వాసన చూడటం, మూతి తిప్పుకుని వెనక్కి రావడం. పడుకుని పళ్లు కొరికేది, కిర్రుకిర్రుమని వినబడేది. చలేస్తోందేమో అనుకుని నేను దుప్పటి మీద దుప్పటి కప్పాను. నాలుగో రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి మాటల్లో ఈ సంగతి చెప్తే ఆవిడ వెంటనే పట్టుకున్నారు. ఫెర్రెట్ పళ్లు కొరుకుతోందంటే కడుపులో తిప్పుతోందనో, నొప్పిగా ఉందనో అర్థమట. మూతిని కాళ్లతో గీరుకోవడం, చొంగ కార్చడం కూడా అలాంటివే. వాంతి, వికారం తగ్గే మందు రాసిచ్చారు. అది పడ్డాక ఆరు గంటల్లో మొదటిసారి వేలు నాకింది.

అంటే నాలుగు రోజులు నేను తిండి మార్చి మార్చి పెట్టాను కానీ, దానికి అడ్డం ఉన్నది తిండి కాదు. ముందు నొప్పి, తర్వాత వికారం, ఆ తర్వాతే వంట. ఈ వరసలో చూడండి. నొప్పి మందు టైముకి పడుతోందా? వికారం ఉందా? కడుపులో పుండు ఉందా? ఫెర్రెట్ల కడుపులో హెలికోబాక్టర్ అనే బాక్టీరియా ఉండటం మామూలే. ఆపరేషన్ టెన్షన్‌లో అది రెచ్చిపోయి పుండ్లు చేస్తుంది. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే లోపల రక్తం కారుతున్నట్టు. దానికి మందులున్నాయి, కానీ అవి డాక్టర్ ఇవ్వాలి.

ఇంకో కారణం మరీ చిన్నది. ఫెర్రెట్ పుట్టిన మొదటి కొన్ని నెలల్లో ఏ వాసన తిండి తిందో దాన్నే తిండిగా గుర్తుపెట్టుకుంటుంది. పెద్దయ్యాక కొత్త డబ్బా ఎంత ఖరీదైనది తెచ్చి పెట్టినా అది దాని లెక్కలో తిండి కాదు. అందుకే ఆపరేషన్‌కి వారం పది రోజుల ముందే, ఒంట్లో బాగున్నప్పుడే, తర్వాత పెట్టబోయే మెత్తటి తిండిని రోజూ ఒక చెంచా నాకించి అలవాటు చేయాలి. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఆపరేషన్ తేదీ ఇంకా రాని వాళ్లయితే ఇవాళే మొదలుపెట్టండి.

ఏం పెట్టాలి?

అది రోజూ తినే గింజలనే తీసుకుని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, చేత్తో మెదిపి గుజ్జు చేయండి. వాసన దానికి తెలిసిందే కాబట్టి ఇదే ముందు పనిచేస్తుంది. దీంతోపాటు డాక్టర్లు ఇచ్చే మాంసాహారుల కోలుకునే తిండి ఉంటుంది. ఆక్స్‌బో కార్నివోర్ కేర్, ఎమరెయిడ్ కార్నివోర్ పొడిగా వస్తాయి, నీళ్లలో కలుపుకోవాలి. హిల్స్ ఎ/డి డబ్బాలో ముద్దలా వస్తుంది. మాకు ఎ/డి లో సగం, నానబెట్టిన గింజల గుజ్జు సగం కలిపితే కుదిరింది. ఉల్లి, వెల్లుల్లి లేని చికెన్ బేబీ ఫుడ్ కూడా రుచి తగలడానికి పనికొస్తుంది, కానీ ఒక్కదాని మీదే నడిపితే బలం చాలదు.

వేడి ముఖ్యం. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే వాసన రాదు, వాసన లేనిది అది ముట్టదు. గిన్నెని వేడినీళ్లలో పెట్టి ఒంటి వేడికి తీసుకురండి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట నిప్పులా, ఇంకోచోట చల్లగా ఉంటుంది. బాగా కలిపి, పసిపిల్లల పాలకి చూసినట్టు మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోండి.

ఇంట్లోనే చికెన్ సూప్ చేయొచ్చా?

చేయొచ్చు. ఇక్కడి ఫెర్రెట్ పెంచేవాళ్లు ఇలాంటి గుజ్జుని డక్ సూప్ అంటారు, అందులో బాతు ఉండాలనేం లేదు. తొడ మాంసం ఉత్త నీళ్లలో మెత్తగా ఉడికించి, ఎముకలన్నీ ఏరేసి, ఆ నీళ్లతోనే మిక్సీలో తిప్పి, నానబెట్టిన గింజలు కలపడమే. ఉప్పు లేదు, కారం లేదు, అల్లం వెల్లుల్లి ముద్ద అసలే లేదు. మన ఇళ్లలో చికెన్ అనగానే చెయ్యి దానంతటదే ఆ డబ్బా మీదికి వెళ్తుంది. ఉల్లి, వెల్లుల్లి రెండూ దీని రక్తకణాలని దెబ్బతీస్తాయి. మాది గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన ఇల్లు కాబట్టి గుండు కుక్కర్ వేరు, గరిటె వేరు. ఉత్త చికెన్ మీదే వారాల తరబడి నడపకండి, కాల్షియం లాంటివి అందులో చాలవు. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే ఒక్కో పూటకి ఒక్కో గడ్డ కరిగించుకోవచ్చు.

సిరంజితో ఎలా పట్టాలి? కరుస్తుందేమోనని భయం.

మొదట సిరంజి పక్కన పెట్టి వేలు వాడండి. చూపుడు వేలికి కాస్త గుజ్జు రాసి పెదవికి తగిలించండి. అది నాలుకతో తుడుచుకుంటుంది. రెండు మూడుసార్లు అలా చేశాక తనే నాకడం మొదలుపెట్టొచ్చు. నాకితే సిరంజి అవసరమే లేదు, చెంచాతో పెట్టండి.

అప్పటికీ నాకకపోతే సూది లేని 5 లేదా 10 మి.లీ. సిరంజి తీసుకోండి. గుజ్జు పల్చటి పెరుగులా జారాలి, లేకపోతే ఇరుక్కుని ఒక్కసారిగా చిమ్ముతుంది. అత్తయ్య తన పాత నూలు చీర ముక్క ఒకటి తెచ్చి, పసిబిడ్డని పొత్తిళ్లలో చుట్టినట్టు ముందు కాళ్లు లోపలికి పెట్టి చుట్టేవారు, పొట్ట మీద కుట్లు ఒత్తుకోకుండా వదులుగా. బొర్లా, తల కొంచెం పైకి ఉండేలా ఒళ్లో పెట్టుకునేవారు. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిరంజి కొనని కోరపన్ను వెనక, చెంప పక్క నుంచి పెట్టి, అర మి.లీ. కంటే తక్కువ వదిలి, మింగేదాకా ఆగాలి. గొంతు కదిలిందా లేదా అని చూడండి. దగ్గినా, ముక్కులోంచి వచ్చినా ఆపేయాలి.

అత్తయ్య ప్రతి బొట్టుకీ "మింగరా గుండూ, ఇంకొక్కటే" అనేవారు. ఆ ఇంకొక్కటి పదిహేనుసార్లు వచ్చేది. రాత్రి రెండింటికి వంటింట్లో గుజ్జు మా ఇద్దరి మొహాల మీదా, స్టవ్ మీదా ఉండేది. కరవలేదు. అంత నీరసంగా ఉన్నప్పుడు కరిచే ఓపిక ఉండదు. కరిచిన రోజు సంతోషించండి.

మూతి బిగించి గింజుకుంటే బలవంతంగా కూరొద్దు. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. రెండు మూడు పూటలు వరసగా అలాగే చేస్తే పైన చెప్పిన వికారం, నొప్పి సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. బలవంతం చేస్తే ఆ తిండి వాసన అంటేనే దానికి అసహ్యం పుడుతుంది.

రోజుకి ఎంత, ఎన్నిసార్లు?

ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్‌కి కిలో బరువుకి రోజుకి సుమారు 200 నుంచి 300 క్యాలరీలు కావాలి. హిల్స్ ఎ/డి 156 గ్రాముల డబ్బాలో ఉండేది సుమారు 180. అంటే కిలో ఉన్నదానికి రోజుకి డబ్బా పైనే పడుతుంది. కానీ మొదటి రోజే అంత పట్టించాలని చూడొద్దు. మూడో వంతుతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో పూర్తి లెక్కకి చేరితే చాలు. చాలా రోజులుగా తినక చిక్కిపోయినదాన్ని ఇంకా మెల్లగా పైకి తేవాలి. ఒక్కో పూట 5 మి.లీ. తో మొదలై 10, 15 దాకా వెళ్లొచ్చు. పగలు మూడు గంటలకోసారి, రాత్రి నాలుగు గంటలకోసారి. మొదటి మూడు నాలుగు రాత్రులు అలారం పెట్టుకోక తప్పదు. ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఒక వారం ఇంటి నుంచి పని అడగండి, కారణం చెబితే మేనేజర్ నవ్వినా సరే.

నీళ్లు సీసా నుంచి కాకుండా బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది. చిగుళ్లు తడిగా కాకుండా అంటుకుంటున్నట్టు ఉంటే ఒంట్లో నీరు తగ్గినట్టు.

పెరుగన్నం, పాలు, అరటిపండు?

వద్దు, వద్దు, వద్దు. మనకి కడుపు బాగోకపోతే పెరుగన్నం అమృతం. దీనికి పాలలోని చక్కెర అరగదు, అన్నం అరిగించుకునే పేగు లేదు. నెయ్యి అడిగారు ఒకరు. కొవ్వు దీనికి కావాల్సిందే, కానీ అలవాటు లేని నెయ్యితో విరేచనాలు పట్టుకుంటాయి. నాలుగు చుక్కల చేపనూనె వేస్తే చాలు.

నీరసంగా ఉందని తేనె పెట్టమన్నారు. పెట్టొచ్చా?

ఒకే ఒక్క సందర్భంలో. ఫెర్రెట్లకి క్లోమంలో ఇన్సులినోమా అనే గడ్డలు తరచుగా వస్తాయి. అవి ఇన్సులిన్ ఎక్కువగా వదిలి రక్తంలో చక్కెరని పడగొడతాయి. వెనక కాళ్లు ఈడుస్తూ, శూన్యంలోకి చూస్తూ, చొంగ కారుస్తూ, మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటుంటే చిగుళ్ల మీద కొంచెం తేనె గాని చక్కెర పాకం గాని దూదితో రాసి (వేలు నోట్లో పెట్టొద్దు, పళ్లు బిగుసుకుంటాయి) వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తేరుకోగానే మాంసం తిండి కొంచెం పట్టాలి.

మామూలు నీరసానికి తేనె పెడితే మాత్రం చక్కెర ఒక్కసారి పైకి లేచి, గడ్డ మిగిలి ఉంటే ఇంకా ఇన్సులిన్ వదిలి, ముందుకంటే కిందికి తోస్తుంది. బలానికని అమ్మే తియ్యటి పేస్టుల ట్యూబుల మీద కూడా ఏమేం కలిపారో చదవండి, కార్న్ సిరప్ మొదటి వరసలోనే కనబడుతుంది. ఈ గడ్డ ఆపరేషన్ చేసిన తర్వాత కొన్నాళ్లు చక్కెర మామూలు కంటే ఎక్కువగా ఉండటమూ ఉంది. అందుకే డాక్టర్ రక్తపరీక్షకి మళ్లీ రమ్మంటే "బాగానే ఉంది కదా" అని మానేయకండి.

మందు తిండిలో కలిపి పెట్టొచ్చా?

ఈ పొరపాటు చేయకండి. చేదు తగిలిందంటే మందుతోపాటు ఆ తిండినీ వదిలేస్తుంది. మీకు మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది. మందు విడిగా, చిన్న సిరంజితో. వెంటనే వేలి మీద ఒక చుక్క చేపనూనె.

మన దగ్గరున్న డోలో, ఇక్కడ దొరికే ఐబుప్రొఫెన్ నొప్పికి ఇవ్వొచ్చా?

ఇస్తే చచ్చిపోవచ్చు. పొరపాటున కింద పడ్డ మాత్ర నోట కరుచుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బరువు ఎలా చూడాలి? ఎన్నాళ్లకి తిరిగొస్తుంది?

మనుషుల తూకం పనికిరాదు. గ్రాములు చూపించే వంటింటి తూకం మీద ఒక గిన్నె పెట్టి, సున్నా చేసి, రోజూ పొద్దున్నే తిండికి ముందు, ఒకే వేళకి తూచండి. గిన్నెలో ఒక చుక్క నూనె వేస్తే నాకుతూ పది సెకన్లు కదలకుండా ఉంటుంది. మగవి మామూలుగా 1 నుంచి 2 కిలోలు, ఆడవి 600 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటాయి. పక్కింటి వాళ్ల ఫెర్రెట్‌తో పోల్చకండి, దాని పాత బరువుతోనే దాన్ని చూడండి.

గుండు పుస్తకంలో ఇలా ఉంది. ఆపరేషన్ రోజు 1,180 గ్రాములు. ఇంటికి తెచ్చిన రోజు 1,195. పెరిగిందని సంబరపడ్డాం, అది సెలైన్ నీళ్ల బరువు. రెండో రోజు 1,120. నాలుగో రోజు 1,040. పదో వంతు కంటే ఎక్కువ తగ్గితే చెప్పమని డాక్టర్ ముందే అన్నారు, అందుకే ఆ రోజు ఫోన్ చేశాం. వారానికి 1,035 దగ్గర ఆగింది. పదో రోజు 1,060, మూడు వారాలకి 1,100, ఆరో వారానికి 1,170. రోజుకి నాలుగైదు గ్రాములు పెరిగినా పెరిగినట్టే. ఒక రోజు తగ్గితే టెన్షన్ పడకండి, మలం వెళ్లిందా, నీళ్లు తాగిందా అన్నదాన్ని బట్టే ఇరవై గ్రాములు అటూ ఇటూ అవుతుంది. మూడు రోజుల వాలు చూడండి.

ఇంకో రెండు లెక్కలు. వాచిన ప్లీహం (స్ప్లీన్) తీసేసి ఉంటే ఆ బరువు ఎలాగూ పోతుంది, అది తిరిగి రావాల్సింది కాదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడుతుంటే పొట్ట పెరిగి తూకం బాగానే చూపిస్తుంది కానీ కండ కరుగుతూ ఉండొచ్చు. వెన్ను మీద వేలితో నిమిరి చూడండి. ఎముకలు పూసల్లా తగులుతుంటే తూకం ఎంత చూపించినా ఇంకా పెట్టాల్సిందే. చలికాలం ముందు ఒళ్లు చేయడం, ఎండాకాలానికి తగ్గడం వీటికి సహజం, అదీ మనసులో పెట్టుకోండి.

మలం ఆకుపచ్చగా వస్తోంది. ఏంటది?

తిండి సరిగా లేనప్పుడు, పేగు వడిగా కదిలినప్పుడు అలా వస్తుంది. ఒకటి రెండు రోజులు ఫర్వాలేదు. పక్షుల గింజల్లా పలుకులు పలుకులుగా వస్తే తిన్నది అరగడం లేదన్నమాట, తిండి ఇంకా పల్చన చేయండి. నలుపు సంగతి పైన చెప్పాను. తింటున్నా ఒక రోజంతా మలమే లేకపోతే ఫోన్ చేయాలి.

ఇంట్లో ఇంకో ఫెర్రెట్ ఉంది. కలిపి ఉంచాలా?

కుట్లు మానేదాకా, అంటే సుమారు రెండు వారాలు, ఆడనివ్వకండి. పీకి పాకం పెడతాయి. కానీ వేరే గదిలోనూ పెట్టకండి. జంటగా పెరిగినవి ఒంటరిగా ఉంటే బెంగతోనే తిండి మానేస్తాయి. బోనులు పక్కపక్కనే పెట్టి, రెండోదాని పడక గుడ్డ దీని బోనులో వేయండి. బోనులో ఉయ్యాలలు, మెట్లు తీసేసి అంతా ఒకే అంతస్తు చేయండి. తిండి గిన్నె పడకకి రెండడుగుల లోపు ఉండాలి. గది చల్లగా ఉంటేనే దానికి హాయి, 27 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం. కప్పుకోవడానికి గుడ్డ ఇవ్వండి, హీటర్ పక్కన మాత్రం పెట్టకండి.

ఎప్పుడు ఇక ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

సిరంజితో కూడా ఆరు గంటలుగా ఏమీ దిగకపోతే. మళ్లీ మళ్లీ వాంతి అయితే. కుట్టు విడినా, చీము పట్టినా. పేగు ఆపరేషన్ అయినవాటికి మూడు నుంచి ఐదో రోజు మధ్య ఒక్కసారిగా డీలా పడి పొట్ట ముట్టుకోనివ్వకపోతే లోపల కుట్టు కారుతుండొచ్చు, అది గంటల లెక్క. ఎడ్రినల్ జబ్బున్న మగదైతే ఇంకొకటి: ట్రేలో కూచుని ముక్కుతూ మూత్రం రాకపోతే మలబద్ధకం అనుకోకండి. ప్రోస్టేట్ వాచి మూత్రం దారి మూసుకుపోయిందేమో, అర్ధరాత్రైనా బయల్దేరండి. రెండు ఎడ్రినల్ గ్రంథులూ తీసినవాటికి నీరసం, తిండి మానడం హార్మోన్ అందకపోవడం వల్ల కూడా కావచ్చు, దానికి వేరే మందు ఉంది. దగ్గర్లోని 24 గంటల ఆసుపత్రిలో ఫెర్రెట్లని చూసే డాక్టర్ ఉన్నారో లేదో పగలే ఫోన్ చేసి కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అతికించండి. చాలాచోట్ల కుక్కలూ పిల్లులే చూస్తారు.

సిరంజి ఎప్పుడు మానాలి?

తనంతట తాను తిన్నది రెండు రోజులు వరసగా లెక్కకి సరిపోయి, తూకం తగ్గకుండా ఉంటే ఒక్కో పూట తీసేస్తూ రండి. ముందు రాత్రి రెండింటి పూట, అది మీకోసం. గింజల గిన్నెని పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ తూచితే ఎంత తిందో తెలుస్తుంది. మేం పన్నెండో రోజు రాత్రి పూట మానేశాం. అత్తయ్యకి అలవాటైపోయి రెండింటికే మెలకువ వచ్చేది. పద్నాలుగో రోజున బోను దగ్గర నిలబడి నన్ను లేపారు, "అమ్మాయ్, వీడు గిన్నె బోర్లించి కింద పడ్డవి ఏరుకుని తింటున్నాడు" అని. పొద్దున తూచితే ఆ రాత్రి 14 గ్రాముల గింజలు తిన్నాడు. మూడు మాత్రం అత్తయ్య చెప్పులో దొరికాయి.